కూమ్‌డూ ఇంట్లో ఎనిమిది మంది

డెబ్బై రెండేళ్ళు వచ్చినా మా నాయనమ్మ జుట్టు నల్లగా ఉండేది. ఆ వసంతంలో మా ఇంట్లో జరిగినదానికంతటికీ అదే మొదలు.

1922 ఫిబ్రవరి. బ్రిజిత్ పండుగ వెళ్ళిన మూడో రోజున పింఛను ఆఫీసరు సైకిలు తోసుకుంటూ మా డెరీన్ వాలు ఎక్కి వచ్చాడు. సరిగ్గా అప్పుడే నాయనమ్మ పెరట్లోంచి టర్ఫు బుట్ట వీపున వేసుకుని వస్తోంది. టర్ఫంటే బాడవలో కోసి ఎండబెట్టుకునే నల్లమట్టి ఇటుకలు. కెర్రీ కొండల్లో ఏడాది పొడుగునా మా పొయ్యిల్లో అవే మండేవి. ఆ బుట్టని నేనైతే రెండుసార్లు దించి ఊపిరి పీల్చుకునేదాన్ని. ఆవిడ ఒక్క ఊపున తెచ్చి పొయ్యి పక్కన కుమ్మరించి, తలమీద శాలువ తీసి దులిపింది. నల్లటి జడ నడుం దాకా జారింది.

ఆఫీసరు ఆ జడ వంక చూశాడు. ఖాళీ బుట్ట వంక చూశాడు. తెరవబోయిన పుస్తకం మళ్ళీ చంకలో పెట్టుకున్నాడు.

ఆయనకి ఐరిష్ రాదు. నాయనమ్మకి ఇంగ్లీషు రాదు. పద్దెనిమిదేళ్ళ నేను మధ్యలో నిలబడి ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చేరవేస్తున్నాను.

"ఈవిడకి డెబ్బై దాటాయంటే నేను నమ్మాలా?" అన్నాడాయన. "పింఛను చట్టం రాకముందు ఈ చుట్టుపక్కల అరవై దాటిన ఆడది ఒక్కతె లేదు. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా డెబ్బై ఏళ్ళ ముసలమ్మే ఎదురొస్తోంది."

"ఏమంటున్నాడే?" అంది నాయనమ్మ.

"నీ జుట్టు బాగుందంటున్నాడు."

"అది జుట్టు మెచ్చుకున్న మొహం కాదు. ఉన్నదున్నట్టు చెప్పు, నెల్."

చెప్పాను. ఆవిడ శాలువ మళ్ళీ తలమీద కప్పుకుని, అంచులు గడ్డం కింద సరిచేసుకుంది.

"నేను అబద్ధమాడుతున్నానంటాడు. సరే. వాళ్ళమ్మ జుట్టు ఎన్నో ఏట నెరిసిందో కనుక్కో. ఇలాంటి కొడుకుంటే తొందరగానే నెరిసి ఉంటుంది."

అది నేను ఇంగ్లీషులోకి మార్చలేదు. కానీ పొయ్యి పక్క బల్లమీద కూర్చున్న మర్తీ తాత పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుకి అర్థం చెప్పే పని నాకు లేకపోయింది.

మర్తీ బ్రీన్ మా పక్కింటాయన. పెళ్ళి చేసుకోలేదు. ఆయన ఇంట్లో పొయ్యి ఉన్నా, చలి కాచుకునేది మాత్రం మా పొయ్యి దగ్గరే. తనకీ డెబ్బై దాటాయనేవాడు. "ముందు మీ నాయనమ్మ గోబ్నిత్‌కి రానీ. ఆ తరవాత నేను దానికంటే రెండేళ్ళు పెద్దనని చెప్పుకుంటే సరిపోతుంది" అని ఆయన లెక్క.

ఆఫీసరు పోతూ పోతూ దారి చెప్పాడు. మా నాయనమ్మ పుట్టిన రోజుల్లో జననాలు రాసుకునే పద్ధతి లేదు. బంగాళాదుంపలు కుళ్ళి దేశమంతా ఆకలికి మాడిన ఆ కరువు కాలపు జ్ఞానస్నానాల పుస్తకమేమో మా చర్చిలో నీళ్ళు కారి ముద్దయిపోయింది. ఇంక మిగిలింది ఒక్కటే. 1851లో దేశమంతా జనాభా లెక్కలు రాశారు. ఆ కాగితాలు డబ్లిన్‌లో దాచి ఉన్నాయి. తల్లిదండ్రుల పేర్లు, ఊరు రాసి పంపితే వెతికి చెబుతారు. పిల్ల అందులో ఉందంటే డెబ్బై దాటినట్టే.

ఆ సాయంత్రం అచ్చుఫారం బల్లమీద పరిచి కూర్చున్నాను. నాన్న పొయ్యికి అటువైపు చెప్పు కుట్టుకుంటున్నాడు. అమ్మ పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఇంట్లో మేం ముగ్గురమే.

"తండ్రి పేరు?"

"దొనాల్ టీహన్."

"ఊరు?"

నాయనమ్మ తనని పెంచిన మేనత్త ఊరి పేరు చెప్పింది. సముద్రం ఒడ్డున పది గడపల ఊరది. రాశాను.

"తల్లి పేరు?"

"రాయకు."

"దానికి గడి ఉంది, నాయనమ్మా."

"ఉంటే ఖాళీగా ఉండనీ."

నాన్న సూది నోట్లోంచి తీసి, "అమ్మకి తెలుసు. చెప్పదు" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. వాన వచ్చేట్టుందని చెప్పినట్టు చెప్పాడు. "నేను చిన్నప్పుడు ఒకసారి అడిగాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు."

గడి ఖాళీగానే పంపాం.

నెలాఖరుకి జవాబు వచ్చింది. నాలుగు అక్షరాల జవాబు. మేం అడిగిన ఊళ్ళో గోబ్నిత్ టీహన్ అనే పిల్ల లేదు, దొనాల్ టీహన్ అనే మనిషీ లేడు.

మర్తీ తాత ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. "అయితే నువ్వింకా పుట్టనే లేదన్నమాట, గోబ్నిత్. పుట్టాక కబురు పెట్టు, జ్ఞానస్నానానికి వస్తాను."

ఇంకో రోజైతే ఆవిడ ఆయన టోపీ లాగి పొయ్యిలో పడేసేది. ఆ రోజు లేచి కోళ్ళకి మేత వేయడానికి వెళ్ళింది. చీకటి పడేదాకా లోపలికి రాలేదు.

మార్చి మధ్యలో విత్తనం దుంపలు కోసే పని పడింది. గుమ్మం ముందు ఎండలో ఇద్దరం గోనెల మీద కూర్చున్నాం. ప్రతి ముక్కకీ ఒక కన్ను ఉండేట్టు కోయాలి. నాయనమ్మ దుంపని చేతిలో ఒక్కసారి తిప్పి చూసేది, కత్తి ఎక్కడ దిగాలో ఆవిడ వేళ్ళకే తెలిసేది. నేను కోసినవాటిలో గుడ్డి ముక్కలుంటే ఏరి పక్కన పడేసేది. ఆ రోజుల్ని తలుచుకుంటే నాకు మొదట ఆ వాసనే వస్తుంది. పచ్చిదుంప వాసన, ఎండకి వెచ్చబడిన గోనె వాసన, మట్టిగొట్టంలో ఆవిడ పీల్చే పొగాకు వాసన.

"షివాన్" అంది ఉన్నట్టుండి.

నాకు అర్థం కాలేదు.

"అదే ఆవిడ పేరు. షివాన్. ఊరు కూడా మా అత్తది కాదు. కూమ్‌డూ. కొండ వెనక, ఆ పైన. ఇప్పుడక్కడెవరూ ఉండరు."

నేను కత్తి ఆపాను. ఆవిడ ఆపలేదు.

"నాకు రెండేళ్ళప్పుడు మా నాన్న పోయాడు. ఆర్నెల్లు తిరక్కుండా ఆవిడ నన్ను తీసుకొచ్చి మా అత్త గుమ్మంలో దించి, ఓడెక్కి అమెరికా వెళ్ళిపోయింది. ఉత్తరం లేదు, కబురు లేదు. మా అత్త మంచిదే. కానీ కోపం వస్తే ఒకే మాట అనేది. 'కన్నతల్లికే అక్కర్లేని దానివి, నాకెందుకే' అని. ఊళ్ళో పిల్లలకి ఆ మాట నోటికొచ్చేసింది." ఒక ముక్క బుట్టలో వేసింది. "నలుగురు ఆడపిల్లల్ని కన్నాను. పెద్దదానికి అమ్మమ్మ పేరు పెట్టడం మన ఆనవాయితీ. ఫాదర్ అడిగాడు, మీ తాత అడిగాడు. పెట్టలేదు. ఒక్కదానికీ పెట్టలేదు."

"మరి ఇప్పుడెందుకు చెప్పావు?"

"ఆ సైకిలు ఆఫీసరు నన్ను అబద్ధాలకోరంటే పడతాననుకున్నావా?" అంది. "రాయి. ఇద్దరి పేర్లూ రాయి."

మర్నాడే పోస్టాఫీసుకి వెళ్ళాను. పోస్టుమిస్ట్రెస్ మిసెస్ గాల్విన్ నేను రాసినదాన్ని కళ్ళద్దాలు ముక్కు చివరికి లాక్కుని చదివింది. ఊళ్ళో ఎవరి ఉత్తరమైనా ఆవిడ ఒకసారి చూడాల్సిందే. అది ఆవిడ హక్కని అందరం ఒప్పేసుకున్నాం.

"గోబ్నిత్ అని రాశావేంటే పిల్లా? మొదటిసారి కూడా ఇలాగే రాశావా?"

"ఆవిడ పేరు అదే కదండీ."

"ఇంట్లో అదే. లెక్కలు రాసిందెవరు? పోలీసు. ఇంగ్లీషు పలికే నోటికి గోబ్నిత్ తిరుగుతుందా? మా పిన్ని బతికున్నన్నాళ్ళూ గోబ్నిత్తే. సమాధి మీద మాత్రం అబిగేల్ అని చెక్కారు. తనది కాదనుకుని పాపం అటు తిరిగి పడుకుందో ఏమో. అబిగేల్ అని రాయి. దొనాల్‌ని డానియల్ చెయ్యి. షివాన్ అంటే జొహానా."

కొత్త ఫారం తీసుకుని అక్కడే నిలబడి రాశాను. అంతా అయ్యాక చిన్న జాగా మిగిలింది. ఎందుకు రాశానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. షివాన్‌కి అప్పుడెన్నేళ్ళో తెలుసుకోవాలనిపించింది, అంతే. "దయచేసి ఆ ఇంటి కాగితంలో ఇంకెవరి పేర్లున్నా రాసి పంపగలరు" అని ఇరికించి రాసి, అంటించి ఇచ్చేశాను. ఇంట్లో చెప్పలేదు.

ఆ ఏడు ఏప్రిల్ మొదట్లోనే ఎండలు కాశాయి. ఈస్టరుకి ముందే టర్ఫు కోత మొదలుపెట్టాం. నాన్న గట్టు మీద నిలబడి రెక్క ఉన్న పారతో తడి మట్టిని ఇటుకలుగా కోసి విసిరేవాడు. నేను కింద పట్టుకుని వరసగా పరిచేదాన్ని. మర్తీ తాత మా కోతకి వచ్చేవాడు, మేం ఆయన కోతకి వెళ్ళేవాళ్ళం. పేరుకి సాయమే కానీ ఆయన పారకంటే నోరు ఎక్కువ కదిలేది. "ఏరా కోన్, ఆ వరస చూడు, కల్లు తాగిన బాతు నడిచినట్టుంది" అని నాన్నని ఏడిపించేవాడు. ముప్పై ఏళ్ళుగా అదే బాతు, అదే మాట. నాన్న ఒక్కసారైనా బదులిచ్చేవాడు కాదు.

మధ్యాహ్నం నాయనమ్మ టీ కేతిలి, వెన్న రాసిన సోడా రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు పట్టుకొచ్చింది. పొగడబ్బా తీసి ఇంకా గొట్టం వెలిగించలేదు, టపా మనిషి బాడవ దారిలో కనిపించాడు. చెయ్యి ఊపుతున్నాడు.

కవరు బరువుగా ఉంది. అచ్చుఫారంతో పాటు ఇంకో తెల్లకాగితం ఉంది. రెండు వైపులా సన్నటి చేతిరాత.

"చదువు" అంది నాయనమ్మ. "ఉన్నానా లేనా, అది చెప్పు చాలు."

"ఉన్నావు. కూమ్‌డూ. డానియల్ టీహన్, ముప్పై ఎనిమిదేళ్ళు, ఇంటి యజమాని. జొహానా, భార్య, ముప్పై నాలుగు. అబిగేల్, కూతురు, ఒక ఏడు."

"చూశావుటోయ్ మర్తీ? పుట్టాను."

"పుట్టినందుకు సంతోషం" అన్నాడు మర్తీ తాత నోటినిండా రొట్టెతో.

నాన్న నవ్వి పార అందుకున్నాడు. నేను తెల్లకాగితం తిప్పాను. అక్కడ ఆపేసి ఉండాల్సిందేమో అని ఒక్క క్షణం అనిపించింది. కానీ నాయనమ్మ నా మొహం చూసేసింది.

"ఇంకా ఏదో ఉంది. ఏంటది?"

"ఆ లెక్కల్లో ఇంకో పట్టిక ఉందిట, నాయనమ్మా. అంతకుముందు పదేళ్ళలో ఆ ఇంట్లో పోయినవాళ్ళది. పేరు, వయసు, ఏ జబ్బు, ఏ ఏడు, ఏ రుతువు. ఆ గుమాస్తా అది కూడా రాసి పంపాడు."

"పోయినవాళ్ళా? ఎవరు పోయారు? మా నాన్న తరవాత కదా పోయింది."

నేను చదివాను. పేర్లు కాగితంలో ఉన్నట్టు ఇంగ్లీషులోనే చదివి, మిగతాది మా భాషలో చెబుతున్నాను. ఆవిడ ఒక్కొక్క పేరూ విని తన భాషలోకి తిప్పుకుంటోంది.

"జాన్, కొడుకు. తొమ్మిదేళ్ళు. జ్వరం. 1847, శీతాకాలం."

"షాన్" అంది.

"డార్బీ, కొడుకు. ఏడేళ్ళు. జ్వరం. 1847, శీతాకాలం."

"దీర్మిద్."

"మేరీ, కూతురు. అయిదేళ్ళు. జ్వరం. 1847, వసంతం."

"మారె."

"డానియల్, కొడుకు. ఆరు నెలలు. పాలు లేక. 1847, వసంతం."

"దొనాల్. నాన్న పేరు." ఆవిడ గొంతులో ఏ మార్పూ లేదు. "ఇంకా ఉందా?"

"అబిగేల్, కూతురు. మూడేళ్ళు. ఆకలి. 1848, ఎండాకాలం."

"అది నేను కదే. తప్పు రాశారు. చావలేదుగా నేను."

"నువ్వు కాదు, నాయనమ్మా. నువ్వు ముందు కాగితంలో ఉన్నావు. ఇది నీకంటే ముందు పుట్టింది. నువ్వు పుట్టాక మళ్ళీ ఆ పేరే పెట్టారు."

బాడవలో గాలి వీస్తోంది. కేతిలి మూత సన్నగా కదులుతోంది. మర్తీ తాత రొట్టె నమలడం ఆపేశాడు.

నాయనమ్మ చెయ్యి చాపింది. కాగితం ఇచ్చాను. ఆవిడకి చదవడం రాదు. అయినా వేలు పెట్టి అయిదు గీతల మీదుగా మెల్లగా కిందికి జరిపింది. తరవాత అదే వేలితో పైన ఉన్న పేరు చూపించి, "ఇదేనా షివాన్?" అని అడిగింది.

"అదే."

"ముప్పై నాలుగన్నావు."

"అవును."

"ముప్పై నాలుగు" అంది మళ్ళీ. "నెల్, మా అత్త ఇల్లు నువ్వు చూశావు కదా. గుమ్మం దిగితే సముద్రం. ఆకలేస్తే రాళ్ళకంటుకున్న నత్తలు గీక్కుని తినేవాళ్ళం మేము. ఎంత కరువొచ్చినా ఆ ఒడ్డున చచ్చినవాళ్ళు తక్కువని చెప్పేవాళ్ళు." కాగితం మడతల మీదే మడిచింది. "చూసే పెట్టింది నన్నక్కడ."

నాన్న పార నేలలో గుచ్చి నిలబడ్డాడు. "ముగ్గురు మేనమామలు" అన్నాడు. "ఇద్దరు పెద్దమ్మలు. నాకు యాభై ఏళ్ళు నెత్తిమీదికొచ్చాక ఇవాళ తెలిసింది." గట్టెక్కి కోయడం మొదలుపెట్టాడు. ఆ మధ్యాహ్నం మా నాన్న కోసినంత టర్ఫు ఇంకెప్పుడూ కోయలేదు. విసిరినవన్నీ పట్టుకోలేక సగం కింద పడేశాను. 

ఈస్టరు తరవాతి సోమవారం నాయనమ్మ కూమ్‌డూ వెళ్దామంది. దారి మర్తీ తాతకే తెలుసు. ఆయనది ఆ పక్క లోయే. పిల్లాడిగా ఉన్నప్పుడే అక్కణ్ణించి అనాథల వసతికి చేర్చారని మాత్రం మాకు తెలుసు. అంతకు మించి ఆయనెప్పుడూ చెప్పలేదు, మేం అడగలేదు.

మూడు గంటలు నడిచాం. నాయనమ్మ మా ఇద్దరికంటే ముందుంది. లోయ మలుపు తిరగ్గానే పచ్చిక కింద పాత దుంపల మళ్ళు కనిపించాయి. డెబ్బై అయిదేళ్ళయినా వాలంతా ఆ గీతలు చెక్కుచెదరలేదు. దువ్వెనతో దువ్వినట్టున్నాయి. వాటి కింద ఏడెనిమిది ఇళ్ళ మొండిగోడలు. వాటిలో టీహన్లది ఏదో చెప్పేవాళ్ళు లేరు. నాయనమ్మ ఒక్కొక్కదాని ముందూ నిలబడి చూసి, ఊటకి దగ్గరగా ఉన్న ఇల్లు ఎంచుకుంది.

"ఇదేనని ఎలా తెలుసు?" అన్నాను.

"తెలీదు. ఇది కాకపోతే పక్కది. చుట్టాలే అయ్యుంటారు."

దురదగొండి మొక్కల్ని కర్రతో పక్కకి తోసి లోపలికి వెళ్ళింది. పొయ్యిరాయి ఇంకా ఉంది. దానిమీద కూర్చుంది. గది నిడివి అడుగులతో కొలవమంది. కొలిచాను. పొడుగు అయిదడుగులేస్తే అయిపోయింది, వెడల్పు నాలుగు.

"ఎనిమిది మంది ఇందులో" అంది. తరవాత సవరించుకుంది. "ఒక్కసారిగా ఎనిమిది మంది ఎప్పుడూ లేరులే. నేనొచ్చేసరికి ఖాళీ అయిపోయింది."

ఏడుస్తుందేమోనని నేను దగ్గరికి జరిగాను. ఏడవలేదు. మట్టిగొట్టం వెలిగించుకుని, సగం పీల్చి, మిగిలిన పొగాకు తట్టి ఆ పొయ్యిరాయి మీదే వదిలింది. మేం లేచేముందు గట్టిగా, ఎదుటిగదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు, "వెళ్ళొస్తానే అమ్మా" అంది. ఆ మాట ఆవిడ నోట నేనదే మొదటిసారి వినడం.

తిరుగుదారిలో మర్తీ తాత వేళాకోళం ఆడలేదు. ఊట దాటాక నా పక్కకొచ్చి నడుస్తూ, నేలకేసి చూస్తూ అడిగాడు.

"మావాళ్ళ పేర్లు కూడా అక్కడ ఉంటాయంటావా, నెల్?"

"ఉంటాయి తాతా. ఎందుకుండవు? మీ నాన్న పేరేంటి?"

"బ్రీన్. అంతే తెలుసు. అనాథల వసతిలో నా చొక్కాకి బ్రీన్ అని అంటించారు. మర్తీ అన్న పేరు వాళ్ళు పెట్టిందో, ముందే ఉందో." కాస్త దూరం నడిచాక, "అన్నలో అక్కలో ఉండేవాళ్ళేమో. ఎవరో నన్ను భుజాల మీద ఎక్కించుకున్నట్టు గుర్తు. నాన్నంత పెద్దగా లేడు. చెవులు పట్టుకునేవాణ్ణి" అన్నాడు.

ఆ మర్నాడే రాశాను. లోయ పేరు, బ్రీన్ అనే ఇంటిపేరున్న ఇళ్ళన్నీ చూడమని, పోయినవాళ్ళ పట్టిక కూడా పంపమని ఒక నిలువు కాగితం నిండా బతిమాలుతూ రాశాను. మిసెస్ గాల్విన్ చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "వెళ్తుంది కానీ, తెరిచేవాళ్ళుంటారో లేదో" అంది. ఆ కాగితాలున్న కట్టడంలోకి ఈస్టరు ముందు శుక్రవారమే ఇంగ్లండుతో కుదిరిన ఒప్పందాన్ని ఒప్పుకోని మనుషులు తుపాకులతో చేరారట. గుమాస్తాలెవర్నీ లోపలికి వెళ్ళనివ్వడం లేదట.

మే నెలలో నాయనమ్మకి పింఛను మంజూరైంది. ఆఫీసరు తానే వచ్చి చెప్పాడు. ఈసారి టోపీ తీసి లోపలికొచ్చాడు. నాయనమ్మ ఆయనకి టీ ఇచ్చి, గుడ్డు కూడా పెట్టింది. "ఇలా అడిగి ఉండకపోతే నాకు మావాళ్ళు దొరికేవాళ్ళు కాదని చెప్పు ఆయనకి" అంది. ఆ మాట మాత్రం ఒక్క ముక్క పోకుండా ఇంగ్లీషులో చెప్పాను. 

మర్తీ తాత ఉత్తరానికి జవాబు రాలేదు. టపా మనిషి మా వాలు ఎక్కే సమయానికి ఆయన పనిమాలా గోడ దగ్గర నిలబడి రాళ్ళు సర్దుతూ ఉండేవాడు. టర్ఫు ఎండింది. కుప్పలు వేశాం. జూన్ వెళ్ళిపోయింది.

ఆ నెల చివర్లో మాలో మాకే మొదలైన యుద్ధం జూలైకి మా దాకా వచ్చి, రైళ్ళు ఆగిపోయాయి. వారం రోజుల పాత పేపరొకటి ఎవరి చేతులో మారి మా ఇంటికొచ్చింది. డబ్లిన్‌లో ఆ కట్టడం మీద ఫిరంగులు పేలాయని, కాగితాల భవనం పేలి కాలిపోయిందని, కాలిన కాగితం ముక్కలు ఊరంతా ఎగిరి పడ్డాయని రాశారు. రెండుసార్లు చదివాను. తరవాత గోడ దగ్గరికి వెళ్ళి ఆయనకి చెప్పాను.

ఆయన చేతిలో రాయి చూసుకుని, దాని చోట దాన్ని పెట్టాడు.

"ఎన్ని కాగితాలుంటాయి అందులో?"

"దేశం మొత్తానివి, తాతా."

"అయితే నేనొక్కణ్ణే కాదన్నమాట" అన్నాడు. ఇంకో రాయి వంగి తీసుకున్నాడు.

ఆయన పింఛను సంగతి మా నాయనమ్మ చూసుకుంది. కమిటీ ముందు నిలబడి, శిలువ మీద చెయ్యి వేసి, మర్తీ బ్రీన్ తనకంటే పెద్దవాడని ప్రమాణం చేసింది. ఎలా తెలుసని వాళ్ళడిగితే, "నేను కూమ్‌డూదాన్ని. ఆయనది పక్క లోయ. మా ఇళ్ళకి రాకపోకలుండేవి" అంది. ఉండేవో లేవో దేవుడికే తెలియాలి. ఒప్పుకోలుకి వెళ్ళినప్పుడు ఫాదర్‌కి ఆ సంగతి చెప్పావా అని నేనడిగితే, "అబద్ధమని రుజువయ్యాక చెప్తాలే" అంది.

అయితే మర్తీ తాత మారాడు. వేళాకోళం పోలేదు కానీ మధ్యమధ్యలో మాట ఆగిపోయేది. ఆగస్టు నుంచి ప్రతి ఆదివారం సాయంత్రం మా జపమాలకి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు. అంతకుముందు ప్రార్థన అనగానే ఆయనకి ఇంట్లో పని గుర్తొచ్చేది.

జపమాల చివర్లో పోయినవాళ్ళని తలుచుకుంటాం. ఆ వసంతం నుంచి నాయనమ్మ తన వాళ్ళ పేర్లు చెప్పడం అలవాటు చేసుకుంది. దొనాల్, షివాన్. తరవాత షాన్, దీర్మిద్, మారె, చిన్న దొనాల్, గోబ్నిత్. తన పేరే తను చెప్పుకుని, దానికోసం తనే ప్రార్థించేది. ఆ పేరు దగ్గర ఎప్పుడూ కొంచెం నెమ్మదించేది. నాన్న తల వంచుకుని, "శాంతి కలుగు గాక" అనేవాడు. నేనూ అనేదాన్ని. మర్తీ తాత మా అందరికంటే గట్టిగా అనేవాడు.

ఒక ఆదివారం ఆవిడ గోబ్నిత్ దగ్గర ఆగలేదు. "ఇంక మర్తీ వాళ్ళు" అంది.

తరవాత ఏం చెప్పాలో ఎవరికీ తెలియలేదు. పేర్లు లేవు. ఎంతమందో కూడా తెలియదు. నాయనమ్మ పూసలు పట్టుకుని కళ్ళు మూసుకుని ఊరుకుంది. మేమూ ఊరుకున్నాం.  చాలాసేపయ్యాక మర్తీ తాత గొంతు సవరించుకుని, "శాంతి కలుగు గాక" అన్నాడు. అప్పుడు లేచాం.

ఆ తరవాత ఏడేళ్ళు, ఆయన పోయేదాకా, ప్రతి ఆదివారం అలాగే చేశాం. ఆ మౌనం ఎంతసేపుండాలో మాలో ఎవరికీ తెలిసేది కాదు. ఒక్కోసారి చిన్నదిగా ఉండేది, ఒక్కోసారి మోకాళ్ళు నొప్పి పుట్టేవి. ఆయన అనేదాకా ఆగేవాళ్ళం.